‘చెప్పమంటారా?’: తోటివారి పనికి మాటసాయం చేసే పనితనం

తెర మీద మూడు అక్షరాలున్నాయి: ద, ధ, థ. ఒకటో తరగతి పిల్లలకు వీటి తేడా చూపించడానికి ఒక టీచరు డిజిటల్ బొమ్మలతో 20 సెకన్ల యానిమేషన్ చేశారనుకుందాం. గీత నడుస్తూ నడుస్తూ అక్షరమవుతుంది. పక్కనే ఒక బాణం దారి చూపిస్తుంది. అక్షరం పూర్తికాగానే దాని పలుకు వినిపిస్తుంది. తోటి టీచర్లు అయిదుగురు కూర్చుని చూశారు. వీడియో ఆగింది. చేసినవారు వాళ్ల ముఖాల వైపు చూస్తున్నారు. ఇప్పుడు ఎవరి నోట ఏ మాట ముందు వస్తుందన్నదాన్ని బట్టే తర్వాతి అరగంట ఆ ప్రాజెక్టుకు పనికొస్తుందో లేదో తేలిపోతుంది.

మామూలుగా వచ్చే మాటలు రెండే. ఒకటి, ‘చాలా బాగుందండీ’. రెండోది, ‘ఆ రంగులు మార్చేయండి మేడమ్’. మొదటిది వింటే ప్రాణానికి హాయిగా ఉంటుంది, కానీ ఇంటికెళ్లి ఫైలు తెరిచాక ఏం చేయాలో తోచదు. రెండోది వింటే ఏం చేయాలో తెలిసినట్టే ఉంటుంది, కానీ ఎందుకు చేయాలో తెలియదు. ఏ రంగు, ఎవరికి ఇబ్బంది, ఏ రంగైతే ఆ ఇబ్బంది తీరుతుంది అన్న మూడు ప్రశ్నలూ అలాగే మిగిలిపోతాయి. 1996లో క్లూగర్, డెనిసి అనే ఇద్దరు పరిశోధకులు ఫీడ్‌బ్యాక్ మీద అప్పటిదాకా జరిగిన అధ్యయనాల్లోంచి 600కు పైగా ఫలితాలను ఒకచోట చేర్చి లెక్కగట్టారు. సగటున చూస్తే ఫీడ్‌బ్యాక్ మేలే చేసింది. కానీ మూడో వంతుకు పైగా ఫలితాల్లో అది అందుకున్నవాళ్ల పని మెరుగుపడకపోగా అంతకుముందు కంటే దిగజారింది. దీనికి వాళ్లు చెప్పిన వివరణ నన్ను బాగా ఆకట్టుకుంది. విన్న మాట మనిషి దృష్టిని చేతిలోని పని మీద నిలిపితే మేలు జరుగుతుంది. దృష్టి పని మీంచి జారి ‘నేను సమర్థుణ్నేనా’ అన్న చోటికి వెళ్లిపోతే కీడు జరుగుతుంది.

అందుకే మంచి మనసు ఒక్కటే చాలదు. మాట ఎటు పోవాలో నిర్ణయించే ఒక అమరిక కావాలి. అలాంటి అమరికలను కొందరు ఎంతో ఓపికగా తయారు చేశారు. వాటిలో నేను ఎక్కువగా మెచ్చుకునేది ఒక నృత్యకారిణి చేసినది. లిజ్ లెర్మన్ అమెరికాలో పేరున్న కొరియోగ్రాఫర్. వాషింగ్టన్ ప్రాంతంలో 1976లో ‘డాన్స్ ఎక్స్‌ఛేంజ్’ అనే బృందాన్ని స్థాపించారు. కళాకారులు ఒకరి పని గురించి ఒకరు మాట్లాడుకోవడానికి 1990లో ఆమె ఒక పద్ధతిని రూపొందించారు. దాని పేరు ‘క్రిటికల్ రెస్పాన్స్ ప్రాసెస్’. 2003లో జాన్ బోర్‌స్టెల్‌తో కలిసి దాన్ని పుస్తకంగా కూడా తెచ్చారు. నృత్యం కోసం పుట్టిన ఈ పద్ధతి నాటకరంగానికీ, డిజైన్ తరగతులకూ, విశ్వవిద్యాలయాలకూ పాకింది. పాఠం చెప్పడానికి చేసిన డిజిటల్ బొమ్మల విషయంలో ఇది ఎలా పనిచేస్తుందో విడి భాగాలుగా చూస్తేనే అందులోని నేర్పు కనబడుతుంది.

ఇందులో మూడు పాత్రలు, నాలుగు మెట్లు ఉంటాయి. పని చేసి తెచ్చినవారు ఒకరు. చూసి స్పందించేవారు కొందరు. సంభాషణ గాడి తప్పకుండా నడిపేవారు ఒకరు. ఈ మూడో మనిషి పని పైకి చిన్నదిగా కనిపిస్తుంది. కానీ ఎవరో మూడో మెట్టులో చెప్పాల్సిన మాటను మొదటి మెట్టులోనే అనబోతే, ‘ఆ మాట దాచి ఉంచండి, దాని వంతు వస్తుంది’ అని మర్యాదగా ఆపేది ఆయనే. చేసినవారు తడబడి వాదనకు దిగబోతే ఆ ప్రశ్నను మళ్లీ నెమ్మదిగా అడిగేదీ ఆయనే. ఈ మనిషి లేకుండా నాలుగు మెట్లనూ కాగితం మీద రాసిపెట్టుకుని కూర్చుంటే పది నిమిషాల్లో అంతా కలగాపులగమవుతుంది.

మొదటి మెట్టులో చూసినవాళ్లు తమకు తగిలినదేమిటో చెబుతారు. ఏది గుర్తుండిపోయింది, ఏది ఆశ్చర్యపరిచింది, ఏది ఆలోచన రేపింది అన్నదే ఇక్కడి మాట. ఇది పొగడ్త కాదు. ‘థ మధ్యలో చుక్క పడినప్పుడు టప్ మని ఒక చప్పుడు వచ్చింది, నా చూపు అక్కడే నిలిచిపోయింది’ అన్నది ఈ మెట్టుకు తగిన మాట. ఇందులో బాగుందని గానీ బాగాలేదని గానీ లేదు. ఒక ప్రేక్షకుడి కంటికి ఏం జరిగిందో ఉంది. చేసినవారికి దొరకనిది సరిగ్గా అదే. ఆ ఫైలును వాళ్లు ఎన్నోసార్లు చూసి ఉంటారు కాబట్టి మొదటిసారి చూసిన కన్ను ఎక్కడ ఆగుతుందో వాళ్లకు ఇక ఎప్పటికీ తెలియదు.

ఈ మెట్టులో ఇంకో తెలివి దాగి ఉంది. ఎవరూ ప్రస్తావించనిది కూడా సమాచారమే. అయిదుగురిలో ముగ్గురు థ లోని చుక్క గురించి చెప్పారు, ఇద్దరు బాణం గురించి చెప్పారు. ధ అడుగున ఉండే ఆ చిన్న నిలువు గీత గురించి మాత్రం ఒక్కరూ మాట్లాడలేదు. ద నీ ధ నీ వేరు చేసేది ఆ ఒక్క గీతే. పాఠానికి ప్రాణమైన గీత ఎవరి కంటా పడలేదంటే అక్కడ ఏదో లోపముంది. ఆ లోపాన్ని ఎవరూ ఎత్తిచూపలేదు, అయినా అది బయటపడింది. దీన్ని గమనించి రాసుకోవడం కూడా నడిపేవారి పనే.

రెండో మెట్టులో అడిగేది చేసినవారు. తన పని గురించి తనకున్న అనుమానాలను తానే ముందు పెట్టడం వల్ల రెండు లాభాలున్నాయి. దాడి జరుగుతోందన్న భయం పోతుంది. వచ్చే జవాబులు కూడా తనకు కావలసిన చోటే పడతాయి. అయితే ప్రశ్నకు తగిన వెడల్పు ఉండాలి. ‘ఎలా ఉంది?’ అంటే అది మరీ విశాలం, జవాబు గాలిలో కలిసిపోతుంది. ‘బాణం ఎర్రగా ఉండడం బాగుందా?’ అంటే మరీ ఇరుకు, అవును కాదు అన్న జవాబుతో ఆగిపోతుంది. ‘గీత నడిచే వేగం ఆరేళ్ల పిల్లల చూపుకు అందుతుందా? ఎక్కడైనా తప్పిపోతోందా?’ అన్నది సరైన కొలత. చూసినవాళ్లు ఇక్కడ తమ అభిప్రాయాన్ని నిర్మొహమాటంగా చెప్పవచ్చు, కానీ అడిగినదానికి మాత్రమే. వేగం గురించి అడిగితే రంగు గురించి చెప్పకూడదు.

మూడో మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. ఈ పద్ధతి మొత్తంలో అతి సున్నితమైన పనితనం ఇక్కడే ఉంది. ఇప్పుడు అడిగే వంతు చూసినవాళ్లది. అయితే ప్రశ్నలో అభిప్రాయం దాగి ఉండకూడదు. ‘బాణాన్ని అంత గజిబిజిగా ఎందుకు పెట్టారు?’ అన్నదానికి ప్రశ్న రూపం ఉంది గానీ అది తీర్పే. వినేవారు జవాబు చెప్పరు, సమర్థించుకుంటారు. అందులోంచి ‘గజిబిజి’ని తీసేయాలి. తీసేశాక మిగిలేది ‘బాణాన్ని ఎందుకు పెట్టారు?’ అన్నది. ఆ ‘ఎందుకు’లో ఇంకా కొంచెం నిలదీత మిగిలి ఉంది. దాన్నీ మలిస్తే, ‘బాణం పిల్లలకు ఏ పని చేసిపెట్టాలని అనుకున్నారు?’ అని వస్తుంది. ఇది నిజమైన ప్రశ్న. జవాబు చెప్పాలంటే చేసినవారు బాణం వైపు కొత్తగా చూడాలి. ‘గీత ఎటు పోతుందో ముందే తెలియాలని పెట్టాను’ అంటారు. అనగానే వాళ్లకే తడుతుంది: బాణం గీతకు ముందు నడవడం లేదు, గీతతోపాటే నడుస్తోంది. ముందే తెలియాల్సింది అప్పుడే తెలుస్తోంది. ఎవరూ తప్పు పట్టలేదు, అయినా తప్పు దొరికింది.

ఇంకో ప్రశ్న చూడండి. చూసినవారిలో ఒకరు అడిగారు: ‘ఈ మూడు అక్షరాలనూ ఒక వరసలో చేర్చడానికి మీరు తీసుకున్న ఆధారం రూపమా, పలుకా మేడమ్?’ వినడానికి చాలా సాదా ప్రశ్న. దాని లోతు మాత్రం ఎక్కువ. కంటికి చూస్తే ద, ధ, థ మూడూ ఒకే ఇంటివాళ్లు. ద అడుగున గీత పెడితే ధ, ఆ ధ నడుమ చుక్క పెడితే థ. నాలుకకు మాత్రం వరస వేరు: త, థ, ద, ధ, న. థ అన్నది త కు ఒత్తుపలుకు, ద కు కాదు. కానీ రూపంలో థ కూ త కూ పోలికే లేదు. కాబట్టి తెర మీద ద, ధ, థ అని వరసగా రాస్తూ, వెనకనే పలుకు కూడా వినిపిస్తుంటే, చూసే పిల్ల ఆ పలుకుల మధ్య కూడా అదే వరస ఉందనుకునే ప్రమాదముంది. యానిమేషన్ ఒక పాఠం చెబుతున్నాననుకుని రెండు పాఠాలు చెబుతోంది, ఆ రెండూ ఒకదానికొకటి అడ్డుపడుతున్నాయి. ‘థ ను ఇందులోంచి తీసేయండి’ అని ఎవరైనా నేరుగా అని ఉంటే, బహుశా తీసేసేవారేమో, లేదా పట్టుదలకు పోయి ఉంచేసేవారేమో. ప్రశ్నగా వచ్చినందువల్ల మూడో దారి దొరుకుతుంది: రూపాల తేడా చూపేటప్పుడు శబ్దం ఆపేసి, పలుకుల కోసం వేరే చిన్న భాగం చేయడం.

ఈ చుట్టుదారి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. నిజానికి ఇది అడిగేవారికీ అంతే మేలు చేస్తుంది. నా అభిప్రాయాన్ని నిష్పక్షమైన ప్రశ్నగా మార్చాలంటే, అసలు నాకు ఆ అభిప్రాయం ఎందుకు కలిగిందో ముందు నేను తెలుసుకోవాలి. బాణం గజిబిజిగా ఉందని అనిపించింది. ఎందుకు? రంగు వల్లా, పరిమాణం వల్లా, కదలిక వల్లా? వెతికితే కారణం దొరుకుతుంది. కారణమే దొరకకపోతే అది కేవలం నా ఇష్టాయిష్టమని తేలుతుంది, దాన్ని చెప్పకుండా ఊరుకోవచ్చు.

నాలుగో మెట్టు అభిప్రాయాలది. ఇక్కడ కూడా ఒక తలుపు ఉంది. ‘బాణం రంగు గురించి నాకో మాట ఉంది మేడమ్, చెప్పమంటారా?’ అని అడిగి, ఆమె చెప్పమన్నాకే చెప్పాలి. వాక్యం చిన్నదే, అందులో రెండు పనిముట్లున్నాయి. మొదటిది, విషయమేమిటో ముందే చెప్పడం. దానివల్ల వినేవారి మనసు ఆ చోటికి వెళ్లి సిద్ధంగా ఉంటుంది. రెండోది, అనుమతి అడగడం. ‘రంగుల సంగతి ఇంకా తేల్చుకోలేదండీ, ఈసారికి వద్దు’ అనే హక్కు చేసినవారికి నిజంగా ఉంటుంది. ఆ హక్కును ఎవరైనా చిన్నచూపు చూస్తే పద్ధతి అంతా కూలిపోతుంది. తొలి ముసాయిదాలో గీత వేగం కుదరకముందే రంగుల మీద ఆరు సలహాలు వచ్చిపడితే, చేసేవారి చేయి చెదురుతుంది. ఏ సలహా ఎప్పుడు కావాలో పని దగ్గర ఉన్నవారికే తెలుసు.

ఈ నాలుగు మెట్లనూ తారుమారు చేసి చూస్తే లెర్మన్ నేర్పు పూర్తిగా అర్థమవుతుంది. అభిప్రాయాలు ముందు వస్తే, తర్వాత అడిగే ఏ ప్రశ్నా నిష్పక్షంగా వినబడదు. చేసినవారి ప్రశ్నలు మొదట వస్తే, చూసినవాళ్ల కన్ను ఆ ప్రశ్నల దారినే పోతుంది, మొదటి చూపుకు తగిలినదేమిటో ఇక తెలియదు. చూసినవాళ్ల ప్రశ్నలు చేసినవారి ప్రశ్నల కంటే ముందు వస్తే పరీక్ష గదిలా ఉంటుంది. కాబట్టి ఒక్కో మెట్టు తన తర్వాతి మెట్టుకు నేల చదును చేస్తోంది. తీర్పు చివరికి మిగిలింది, అదీ అప్పటికే కారణాలతో బరువెక్కి.

లెర్మన్ పద్ధతి మాటల అమరిక. డిజిటల్ బొమ్మ విషయానికి వస్తే, ఆ మాటలను చోటు తప్పకుండా నిలబెట్టే పనిముట్లు ఆ మాధ్యమంలోనే ఉన్నాయి. క్రిటా లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కూడా అవన్నీ దొరుకుతాయి.

మొట్టమొదటిది ఫ్రేము సంఖ్య. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 20 సెకన్ల వీడియో అంటే 480 ఫ్రేములు. ‘మధ్యలో ఎక్కడో తొందరగా పోతోంది’ అనే బదులు, ‘ధ అడుగు గీత 283వ ఫ్రేములో మొదలై 288తో ముగుస్తోంది’ అని చెప్పవచ్చు. ఆరు ఫ్రేములు, అంటే పావు సెకను. అదే వీడియోలో ధ మిగతా ఒళ్లంతా రాయడానికి 72 ఫ్రేములు, అంటే మూడు సెకన్లు పట్టిందనుకోండి. పాఠానికి ప్రాణమైన గీతకు దొరికింది అందులో పన్నెండో వంతు. మొదటి మెట్టులో ఆ గీత గురించి ఎవరూ ఎందుకు మాట్లాడలేదో ఇప్పుడు లెక్కతో సహా తెలిసింది. దిద్దుబాటు కూడా లెక్కలోంచే వస్తుంది. గీతను నెమ్మదిగా నడిపించడం ఒక దారి. అంతకంటే మెరుగైనది, గీత పడేముందు ఒక అర సెకను, అంటే 12 ఫ్రేములు, కదలికంతా ఆపేయడం. డిస్నీలో పనిచేసిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తెచ్చిన పుస్తకంలో యానిమేషన్‌కు 12 సూత్రాలు చెప్పారు. అందులో ఒకటి ఇదే: ముఖ్యమైన కదలికకు ముందు చూసేవాణ్ని సిద్ధం చేయాలి. సూత్రం తెలిసినవాడి నోట సలహా క్లుప్తంగా వస్తుంది.

రెండోది లేయరు. నాకు డిజిటల్ కళలో అన్నిటికంటే అందంగా తోచే ఏర్పాటు ఇది. బొమ్మ మొత్తం ఒకే తలం మీద ఉండదు. పారదర్శకమైన పొరలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. చూసినవారు ఆ ఫైలును తెరిచి, అన్నిటికంటే పైన ఒక కొత్త లేయరు పెట్టి, దాని మీద తమ సూచనను గీసి చూపవచ్చు. బాణం ఇక్కడ మొదలైతే ఎలా ఉంటుంది, అడుగు గీత ఇంత మందంగా ఉంటే ఎలా ఉంటుంది అని. చేసినవారి బొమ్మలో ఒక్క పిక్సెల్ కూడా చెదరదు. లేయరు పక్కనున్న కన్ను గుర్తును నొక్కితే సూచన మాయమవుతుంది, మళ్లీ నొక్కితే వస్తుంది. రెంటినీ మార్చి మార్చి చూసి పోల్చుకోవచ్చు. నోట్‌బుక్కులో టీచరు ఎర్ర సిరాతో దిద్దిన గీత ఆ బొమ్మ మీద శాశ్వతంగా ఉండిపోతుంది. ఇక్కడ సలహాకు ఎంత బలముందో అంతే చోటు, కావాలంటే ఉంటుంది, వద్దంటే ఉండదు.

అయితే దీనికీ ఒక మర్యాద ఉంది. చేయి తిరిగిన చిత్రకారుడు పైన లేయరు పెట్టి గీయడం మొదలుపెడితే ఆగడం కష్టం. చూస్తూండగానే బొమ్మ ఆయనదైపోతుంది. కాబట్టి దిద్దే లేయరు మీద ఒకే రంగు వాడాలి, ఆ రంగు బొమ్మలో మరెక్కడా ఉండకూడదు. దాని గాఢతను సగానికి తగ్గించాలి. దారి చూపించి ఆగిపోవాలి, పూర్తి చేయకూడదు. ఒక లేయరులో ఒకే సమస్య ఉండాలి, దాని పేరులోనే ఆ సమస్య రాసి ఉండాలి: ‘ధ-అడుగుగీత-మందం’ అని. ఇన్ని నియమాలు ఎందుకంటే, వారం తర్వాత ఫైలు తెరిచినప్పుడు ఆ మాట అన్న మనిషి పక్కన ఉండరు. లేయరు పేరే ఆయన తరఫున మాట్లాడాలి.

ఇక కన్ను చేసే మోసాన్ని పట్టుకునే చిన్న పరీక్షలు కొన్ని ఉన్నాయి. వీటిని చూసేవాళ్లు మాట్లాడబోయేముందే చేసుకోవాలి. క్రిటాలో ఎమ్ మీట నొక్కితే కాన్వాసు అద్దంలో చూసినట్టు తిరుగుతుంది. అలవాటుపడిన కంటికి దొరకని ఒరుగు, ఒకవైపు మొగ్గు అప్పుడు ఇట్టే దొరుకుతాయి. అక్షరాల బొమ్మను తిప్పి చదవలేం గానీ, మూడు అక్షరాల అమరికలో బరువు ఎటు పడుతోందో దీనివల్ల బాగా తెలుస్తుంది. తర్వాత రంగులన్నీ తీసేసి బూడిదరంగులో చూడాలి. అక్షరం ఒళ్లు ఆకుపచ్చగా, అడుగు గీత ఇటుక ఎరుపులో ఉంటే, రంగుల్లో తేడా కొట్టొచ్చినట్టు ఉన్నా బూడిదరంగులో రెండూ ఒకటైపోవచ్చు. ఎరుపు, ఆకుపచ్చలను వేరుగా గుర్తించలేని ఇబ్బంది పుట్టుకతో వస్తుంది. దానికి కారణమైన జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉన్నందువల్ల ఆడపిల్లల్లో కంటే మగపిల్లల్లో ఎక్కువ. తరగతిలో అలాంటి పిల్లవాడు ఉంటే వాడికి ఆ గీత కనబడుతుంది గానీ అది ప్రత్యేకమైన గీతని తెలియదు. వెబ్‌లో ఉంచే బొమ్మలకు 2018లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణాలు రెండు సంగతులు చెబుతాయి: అర్థాన్ని కేవలం రంగుతో చెప్పవద్దు, అర్థానికి అవసరమైన గీతలకూ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా కనీసం 3:1 ఉండాలి. తెల్లటి నేల మీద అచ్చమైన పసుపు గీత గీస్తే ఆ తేడా 1.07:1 మాత్రమే. ‘పసుపు బాగాలేదు’ అనడానికీ ఈ అంకె చూపడానికీ మధ్య ఎంత దూరముందో చెప్పనక్కర్లేదు. అంకె ఎవరినీ నొప్పించదు.

మూడో పరీక్ష పరిమాణం. కాన్వాసు వెడల్పు 1920 పిక్సెళ్లు. చేసినవారు దాన్ని పెద్ద మానిటరు మీద చూస్తూ గీశారు. ఇంట్లో పిల్లలు దాన్ని అమ్మ ఫోనులో, వాట్సాప్‌లో వచ్చిన చిన్న గడిలో చూస్తారు. ఆ గడి వెడల్పు 320 పిక్సెళ్లనుకుంటే బొమ్మ ఆరో వంతుకు కుదించుకుపోతుంది. థ మధ్యలో 12 పిక్సెళ్ల చుక్క రెండు పిక్సెళ్లవుతుంది. పెద్ద తెర మీద అందరి చూపునూ ఆపిన ఆ చుక్క అక్కడ ఉండీ లేనట్టే. మొదటి మెట్టులో వచ్చిన మాట కూడా ఏ తెర మీద చూసి అన్నదో రాసుకోవాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

పాఠం కోసం చేసిన బొమ్మకు రెండు కొలతలుంటాయి: చూడ్డానికి ఎలా ఉంది, దాన్నుంచి ఏం వస్తుంది. ఈ రెంటినీ ఒకే ఊపిరిలో మాట్లాడితే రెండూ పాడవుతాయని నా నమ్మకం. ఒక్కసారికి ఒక్క సంగతే మాట్లాడితే ఎంత మేలో ఒక బడి కథ చెబుతుంది. అమెరికాలోని ఐడహో రాష్ట్రం, బోయిసీ ప్రాంతంలో ఆన్సర్ చార్టర్ స్కూల్ అనే బడి ఉంది. అక్కడ ఒకటో తరగతి చదివే ఆస్టిన్ అనే పిల్లవాడు పులిచారల రెక్కలున్న ఒక సీతాకోకచిలుకను ఫొటో చూసి గీశాడు. ఆ బొమ్మ కథను రాన్ బెర్గర్ అనే విద్యావేత్త బడి బడికీ తీసుకెళ్లి చూపించారు. మొదటి బొమ్మ ఆ వయసు పిల్లలు గీసే మామూలు బొమ్మే. ఆరో బొమ్మకు వచ్చేసరికి అది శాస్త్ర పుస్తకంలో వేయదగినంత ఖచ్చితంగా తయారైంది. మధ్యలో జరిగినదల్లా తోటి పిల్లల మాటలే. ఆ మాటలను రెండుగా విడదీయడం నాకు గొప్పగా అనిపిస్తుంది. మొదట రెక్కల ఆకారం గురించే మాట్లాడారు: ఇక్కడ కోణం ఉండాలి, ఇక్కడ పొడుగ్గా సాగాలి. ఆకారం కుదిరాకే చారల సంగతి ఎత్తారు. మాట దయగా ఉండాలి, ఫలానా చోటని చెప్పేదై ఉండాలి, సాయపడేదై ఉండాలి అన్నవే బెర్గర్ పెట్టుకున్న మూడు షరతులు. ఆరేళ్ల పిల్లలు వాటిని పాటించగలిగారు.

పిల్లలు తామే కంప్యూటర్ మీద చేసిన ప్రాజెక్టులకు ఇంకా తేలికైన అమరిక ఒకటుంది. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో పుట్టి 2007లో అందరికీ అందిన స్క్రాచ్ కోసం, హార్వర్డ్‌లో కేరెన్ బ్రెనన్ బృందం ఒక బోధన మార్గదర్శిని తయారు చేసింది. అందులో పిల్లలు ఒకరి ప్రాజెక్టును ఒకరు చూసి మూడు రంగుల కింద రాస్తారు. పని చేయనిదో, మెరుగుపడాల్సిందో ఎరుపు కింద. తికమకగా ఉన్నదో, వేరేలా చేయగలిగేదో పసుపు కింద. బాగా కుదిరినది ఆకుపచ్చ కింద. పసుపు గడి ఉండడమే ఇందులో తెలివైన పని. ఆ గడి లేకపోతే తనకు అర్థం కానిదాన్ని పిల్లవాడు తప్పుల జాబితాలో రాసేస్తాడు.

ఈ దశలో మార్కులు మాత్రం వేయకూడదు. రూత్ బట్లర్ 1988లో ప్రచురించిన ప్రయోగంలో ఇజ్రాయెల్ విద్యార్థుల్లో కొందరికి వ్యాఖ్యలు మాత్రమే ఇచ్చారు, కొందరికి మార్కులు మాత్రమే, ఇంకొందరికి రెండూ ఇచ్చారు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లు ముందుకెళ్లారు. రెండూ అందుకున్నవాళ్లకు వ్యాఖ్యల వల్ల కలగాల్సిన లాభం కలగలేదు. పక్కన అంకె ఉంటే కన్ను దాని మీదికే పోతుంది.

నాలుగు మెట్లూ అయ్యాక చేసినవారు చివరగా ఒక పని చేయాలి. ఇప్పుడు తానేం చేయబోతున్నారో రెండు మూడు వాక్యాల్లో అందరి ముందూ చెప్పడం. విన్నవన్నీ ఒప్పుకున్నట్టు కాదు. ‘అడుగు గీత ముందు 12 ఫ్రేములు ఆపుతాను. పలుకులను వేరే భాగం చేస్తాను. బాణం రంగు ఇంకా ఆలోచిస్తాను. చుక్క చప్పుడు మాత్రం ఉంచేస్తాను’ అంటే చాలు. మాట చెప్పినవాళ్లకు తమ మాట ఏమైందో తెలుస్తుంది. ఫైలును పాత పేరు మీదే సేవ్ చేయకుండా 02, 03 అని కొత్త సంఖ్యతో దాచుకుంటే, ఏ మాట వల్ల ఏ గీత మారిందో తర్వాత వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు. మారినది మెరుగు కాకపోతే 02కు తిరిగి రావచ్చు. సలహా ఇచ్చేవారికీ దీనివల్ల ధైర్యం ఉంటుంది, తమ మాట పొరపాటైనా ఏదీ పోదు కాబట్టి.

ఒక్క ఇబ్బంది ఈ పనిముట్లేవీ తీర్చలేవు. మొదటి ముసాయిదా చూసిన అయిదుగురూ రెండోదాన్ని చూసేసరికి అడుగు గీత ఎక్కడ పడుతుందో ముందే తెలుసుకుని ఉంటారు, దాని కోసం ఎదురుచూస్తారు. అది కనబడిందా అని వాళ్లను అడిగి లాభం లేదు. అందుకే గుంపులో ఇద్దరిని మొదటి విడత నుంచి పక్కన ఉంచడం మంచిది. వాళ్లకు 03ను నేరుగా ఫోనులోనే, శబ్దం ఆపేసి, ఒక్కసారే చూపించాలి. తర్వాత ఒకటో తరగతి పిల్లలు ఇద్దరు ముగ్గురికి చూపించి, పలకా బలపమూ చేతికిచ్చి రెండో అక్షరం రాయమనాలి. పలక మీద పడింది ద నా, ధ నా అన్నదాన్ని 03 పేరు పక్కనే రాసిపెట్టుకుని, అప్పుడు 04 మొదలుపెట్టాలి.